కడిగిన రాళ్ళు

నీళ్ళ గురించి తనకొకరు చెప్పడమా! ఆ మాట చెవిన పడితేనే ట్యాంకుల మావయ్యకు ఒళ్ళు మండుకొచ్చేది. మీసం మొలిచిన దగ్గర్నుంచీ ఆయన చేసిన పని ఒక్కటే. మేడల మీది నీళ్ళ ట్యాంకుల్లోకి, నేలలోని సంపుల్లోకి దిగి, అడుగున పేరుకున్న బురద ఎత్తిపోసి, గోడలకు పట్టిన పాచి గీకి, బ్లీచింగు చల్లి, రుద్ది, కడిగి పైకి రావడం. వచ్చాక కొత్తగా పట్టిన నీళ్ళు ఒక గ్లాసు ఆ ఇంటివాళ్ళ ముందే గటగటా తాగేవాడు. "మీరూ తాగండి, మీ పిల్లలకీ పట్టండి. పూచీ నాది" అనేవాడు. చుట్టుపక్కల వీధుల్లో ఆయన దిగని ట్యాంకు లేదు. అందుకే చిన్నాపెద్దా అందరికీ ఆయన ట్యాంకుల మావయ్య. అసలు పేరు భార్యకైనా గుర్తుందో లేదో మరి.

అలాంటి మనిషికి మోకాళ్ళు అరిగిపోయాయి. లిఫ్టులు రిపేరు చేసే కొడుకు, "నాన్నా, ఇంకొక్కసారి నిచ్చెనెక్కావంటే ఆ నిచ్చెన నేనే విరగ్గొడతా" అని తెగేసి చెప్పాడు. పనికి మనుషుల్ని పెట్టి, ఫోన్లో వాళ్ళ మీద కేకలేస్తూ ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. కూర్చోవడం ఆయనకు ఎప్పుడు చేతనైంది గనుక! వంటింట్లోకి వెళ్ళి కుళాయి వెనక వేలు పెట్టి రుద్ది, ఆ వేలు తీసుకొచ్చి భార్య కళ్ళ ముందు పెట్టేవాడు.

"మోకాళ్ళు పోయాయన్నారు, ఆ వేలు కూడా పోతే నేను హాయిగా ఉందును" అనేది ఆవిడ.

ఇలా ఉండగా పన్ను సలిపి, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ, జనం కూర్చునే గదిలో గోడ పొడవునా ఒక గాజు తొట్టి. అందులో నారింజరంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న చేపలు రాళ్ళ సందుల్లో దోబూచులాడుతున్నాయి. సముద్రపు చేపలట. తన వంతు వచ్చి పిలిచినా ఆయన లేవలేదు. తర్వాత పిలిచినా లేవలేదు. పన్ను పీకించుకుని, దూది కరుచుకుని ఇంటికొచ్చి, మూసుకుపోయిన నోటితోనే ప్రకటించాడు. మనింట్లోనూ అలాంటి తొట్టి పెడుతున్నాం!

బావమరిదికి నవ్వాగలేదు. అతనికి పక్క వీధిలో జిరాక్సు షాపుంది. కౌంటరు మీద గాజు గిన్నెలో మామూలు నీళ్ళ చేపల్ని పెంచి పెంచి, చంపి చంపి, విసిగి వదిలేసినవాడు. "బావా, మంచినీళ్ళ చేపలే నా దగ్గర నిలవలేదు. ఉప్పునీళ్ళంటే మాటలనుకున్నావా?"

"నీ దగ్గరెందుకు నిలుస్తాయిరా? నీళ్ళంటే ఏంటో తెలిసినవాడి చేతిలో పడాలి" అన్నాడు మావయ్య మీసం దువ్వుకుంటూ.

ఇంట్లో ఈ వెర్రికి తోడు పలికింది ఒక్క కోడలే. పెళ్ళై ఆ ఇంటికొచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ప్రింటింగు ప్రెస్సులో కాగితాలు మడతపెట్టే పని ఆమెది. రోజంతా కాగితం పట్టుకుంటే చేతుల్లోని తడంతా అదే పీల్చేసుకుంటుంది, వేళ్ళు ఎండిపోయి పగుళ్ళిస్తాయి. అందుకని సంచీలో ఎప్పుడూ ఒక క్రీము డబ్బా ఉండేది. మాట తక్కువ. అడిగినదానికి జవాబు చెప్పడం, కంచం కడుక్కోవడం, గదిలోకి వెళ్ళిపోవడం. చుట్టాలింటికి వచ్చిన పిల్లలా మసిలేది. అలాంటిది, మావయ్య చేపల మాట ఎత్తగానే కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఫోన్లో వెతికి సముద్రపు చేపలమ్మే షాపు ఎక్కడుందో పట్టింది. ఆయన్ని బస్సెక్కించి తీసుకెళ్ళింది కూడా ఆమే.

షాపావిడ కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

"ఉప్పు మా ఇంట్లో ఉందండీ, అది తప్ప మిగతావన్నీ ఇవ్వండి" అన్నాడు మావయ్య.

"ఆ ఉప్పు వంటింట్లోనే ఉంచుకోండి. దీనికి సముద్రపు ఉప్పని వేరే ఉంటుంది."

కోడలు పక్కకి తిరిగి కిసుక్కున నవ్వింది. ఆ పిల్లకు అంత నవ్వు ఉందని మావయ్యకు అప్పుడే తెలిసింది. ఆయనా నవ్వేశాడు.

షాపావిడ ఒక్కొక్కటే తీసి చూపించింది. ఉప్పు, నీళ్ళని వెచ్చగా ఉంచే గొట్టం, నీళ్ళని తిప్పే మోటారు, ఉప్పెంత ఉందో చెప్పే గాజుగొట్టం, థర్మామీటరు, ఇసుక. చివర్లో తడిగోనె కింద నుంచి సముద్రపు రాళ్ళు. "అసలు సంగతంతా ఈ రాళ్ళలోనే ఉంది. కంటికి కనపడని జీవులు వీటినిండా ఉంటాయి. చేప వదిలే విషాన్ని తినేది అవే. అవి బాగా పెరిగాకే చేపల్ని వెయ్యాలి. ఆ తర్వాత గోధుమరంగు పాచి కడుతుంది. కంగారు పడకండి, దానంతటదే పోతుంది. రాళ్ళని మాత్రం కడక్కండి."

కోడలు శ్రద్ధగా వింది. మావయ్య తలూపాడు. నీళ్ళ గురించి ఎవరైనా చెబుతుంటే ఆయన తలూపే పద్ధతి ఒకటుంది. తల ఊగుతుంది, చెవులు పనిచెయ్యవు.

తొట్టి అమర్చారు. బియ్యం కడిగినట్టు ఇసుక కడిగి పోశారు. మామా కోడలూ మోచేతుల దాకా తడుపుకుని, ఈ రాయి ఇటు, ఆ రాయి అటు అని వాదించుకుంటూ పేర్చారు. తర్వాత వారాల తరబడి అందులో రాళ్ళు తప్ప ఏమీ లేవు. వీధిలోవాళ్ళు తొంగి చూసి, "మావయ్యా, రాళ్ళేమైనా పెరిగాయా?" అని అడిగి పోయేవాళ్ళు. ఆయన పళ్ళు నూరుకునేవాడు. కోడలు నచ్చజెప్పేది. ప్రెస్సు నుంచి రాగానే చెప్పులు విప్పి నేరుగా తొట్టి దగ్గరికే వచ్చి, రోజు ఎలా గడిచిందో, సూపర్‌వైజరు ఎవర్ని తిట్టాడో చెప్పుకుపోయేది. పెళ్ళైన కొత్తలో నోరు విప్పని పిల్ల ఇంత కబుర్ల పుట్ట అని ఎవరు అనుకున్నారు! "నాతో కూడా ఇంత మాట్లాడదు" అని కొడుకు ఉడుక్కునేవాడు.

ఎట్టకేలకు రెండు చేపలొచ్చాయి. అబ్బో, ఆ రోజు ఆయన నడక చూడాలి! వీధి వీధంతా పిలిచి చూపించాడు. బావమరిది కూడా ఒప్పుకుని చేతులు జోడించాడు.

షాపావిడ అన్నట్టే తర్వాత పాచి పట్టింది. రాళ్ళ మీద, ఇసుక మీద, గాజు మీద, ఎక్కడ చూసినా గోధుమరంగు జిగురు. జీవితమంతా దేన్ని గీకి పారేశాడో అది తన ముందుగదిలోనే, దీపం వెలుగులో, నలుగురికీ కనపడేలా పేరుకుంటోంది. ఆయన చేతులు దురద పెట్టాయి. ఒకసారి బ్రష్షు పట్టుకుంటే, "మావయ్యా, ఆవిడ వద్దంది కదా!" అని కోడలు నవ్వుతూ లాక్కుంది. ఓర్చుకున్నాడు పాపం.

ఓర్చుకునేవాడేగానీ, ఒక పొద్దున పెద్ద అపార్టుమెంటు సెక్రటరీ పని మాట్లాడడానికి ఇంటికొచ్చాడు. తొట్టి చూసి పకపకా నవ్వాడు. "ఏమయ్యా, ఊరందరి పాచీ గీకి తెచ్చి ఇక్కడ దాస్తున్నావా?"

అన్నవాడికి అది హాస్యమే. విన్నవాడికి తల కొట్టేసినట్టయింది.

సెక్రటరీ వెళ్ళాడు. ఇంట్లో ఎవరూ లేరు. మావయ్య తలుపు గడియ పెట్టాడు. చేపల్ని ఆ నీళ్ళతోనే బకెట్లోకి మార్చాడు. రాళ్ళన్నీ తీసి, టబ్బులో బ్లీచింగు కలిపి, అందులో ముంచి, పాత బ్రష్షుతో సందుసందూ తోమాడు. ఇసుక కుళాయి కింద పెట్టి కడిగాడు. బ్లీచింగు వాసన రవ్వంత కూడా మిగలకుండా మళ్ళీ మళ్ళీ జాడించాడు, అందులో ఆయన్ని మించినవాడు లేడు. మోకాళ్ళ నొప్పి కూడా తెలియలేదట, అంత హాయిగా ఉంది ప్రాణానికి. కొత్తగా ఉప్పునీళ్ళు కలిపి, కొలిచి, పోసి, చేపల్ని వదిలి, టబ్బు కడిగి బోర్లించి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. కోడలికి చెబితే ఏమంటుందోనన్న బెరుకు అప్పుడే మొదలైంది.

సాయంత్రం ఆ పిల్ల చెప్పులు విప్పుతూనే కేకేసింది. "మావయ్యా! పాచి మొత్తం పోయింది! చెప్పానా, దానంతటదే పోతుందని!"

"ఊఁ. కాసిని నీళ్ళు మార్చాలే" అన్నాడు మావయ్య.

అప్పుడు చెప్పేసి ఉంటే నవ్వులాటగా పోయేది. చెప్పలేదు. ఆమె సంబరం పాడు చెయ్యడమెందుకులే అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

కొద్దిరోజులకే చేపలు పైకి తేలి నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. రాళ్ళ సందుల్లోకి పోవడం మానేశాయి. మొదట చిన్నది పోయింది. మర్నాడు సెలవు. అందరూ ఇంట్లో ఉండగా పెద్దదీ పక్కకి ఒరిగిపోయింది. తొట్టి చుట్టూ నిలబడ్డారు. భార్య, కొడుకు, చూడడానికి వచ్చిన బావమరిది, వెనకగా కోడలు.

"ఏమైంది బావా? నీళ్ళ సంగతి నీకు తెలియనిదేముంది, నువ్వే చెప్పాలి" అన్నాడు బావమరిది. ఈసారి వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. అందరూ మావయ్య మొహంలోకి చూశారు.

పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది ఆయనకు. కళ్ళు అటూ ఇటూ తిరిగాయి. కోడలు ఏడుపాపుకుంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి క్రీముతో నిగనిగలాడుతోంది.

"నీళ్ళలో చెయ్యేమైనా పెట్టావా అమ్మా?"

"థర్మామీటరు జారిపోతే... పైకి పెట్టాను మావయ్యా."

"చేతికి క్రీముందా అప్పుడు?"

అంతే. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మిగతాది గదిలోవాళ్ళే అనుకున్నారు. "అయ్యయ్యో, అదేనేమో!" అన్నాడు బావమరిది. "చూసుకోవాలి కదా" అన్నాడు కొడుకు పెళ్ళాంతో. కోడలు తన చేతుల్ని తిప్పి చూసుకుంది, ఎవరివో చూసినట్టు. తర్వాత గదిలోకి వెళ్ళిపోయింది.

"చేప పోతే పోయింది, పిల్లని అలా అడిగేశారేంటి?" అని భార్య రుసరుసలాడింది.

"నేనేమన్నాను? అడిగానంతే" అన్నాడాయన. ఆ మాటనే పట్టుకుని వేలాడాడు. అబద్ధం ఆడలేదు, నింద వెయ్యలేదు, అడిగానంతే! తొట్టి ఖాళీ చేస్తూ అదే అనుకున్నాడు, అన్నం తింటూ అదే అనుకున్నాడు. ఏం మనిషండీ!

ఆ వారంలోనే వియ్యపురాలు ఫోను చేసింది. కూతురు ఏడుస్తూ చెప్పిందట. "అన్నయ్యగారూ, మా అమ్మాయి తెలియక చేసింది. మీరెంత ముచ్చటపడి తెచ్చుకున్నారో. నాకు మొహం చెల్లక వెంటనే ఫోను చెయ్యలేదు. పిల్లని క్షమించండి."

ఇప్పుడైనా చెప్పొచ్చు కదా? నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఆయన నోటి నుంచి ఏం వచ్చిందో వినండి. "పర్లేదు చెల్లెమ్మా. చిన్నపిల్ల, ఏం తెలుసు? నేనేమీ మనసులో పెట్టుకోలేదు."

ఫోను పెట్టేశాక తనమీద తనకే అసహ్యం వేసింది. తప్పు చేసినవాడు క్షమించడం కూడానా! ఆ రోజు అద్దంలో మొహం చూసుకోకుండానే తల దువ్వుకున్నాడు.

కోడలు క్రీము రాయడం మానేసింది. ఇంట్లోకి రాగానే సబ్బుతో చేతులు కడిగేది, వంటింట్లోకి వెళ్ళేముందు కడిగేది, వచ్చాక కడిగేది. మంచినీళ్ళ బిందె మూత తియ్యాలన్నా, "తియ్యొచ్చా అత్తయ్యా?" అని అడిగేది. "ఇదేం చోద్యమే, నీ ఇల్లే కదా!" అని అత్తగారు కసిరినా అంతే. ముందుగదిలో తొట్టి ఉన్న వైపు నడవడమే మానేసి, గోడవారగా గదిలోకి పోయేది. సూపర్‌వైజరు కబుర్లూ లేవు, నవ్వూ లేదు. వేళ్ళు పగిలాయి. స్కూలు పుస్తకాల కాగితాల మీద రక్తపు మరకలు పడుతున్నాయని ప్రెస్సులో ఆమెను మడత పని నుంచి తీసేసి, కట్టలు మోసే పనిలో వేశారు. ఆ సంగతి కొడుకు చెబుతుంటే మావయ్య నీళ్ళు నమిలాడు. "డాక్టరుకి చూపించరా" అన్నాడు. మందేమిటో తన దగ్గరే ఉందని ఆయనకు తెలుసు.

లోపల ఏ మూలో ఒక ఆశ మిగిలి ఉంది. నిజంగా క్రీము వల్లనే పోయాయేమో! ఆ ఆశ పట్టుకుని షాపావిడ దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు.

"ఏదో కాస్త చేతి క్రీము తగిలితే రెండు చేపలూ చస్తాయా? రాళ్ళు కడిగారా?" అంది ఆవిడ.

"లేదండీ."

"కడిగినట్టే ఉంది వరస. రాళ్ళలో జీవులు చస్తే చేప వదిలిన విషం నీళ్ళలోనే ఉండిపోతుంది, చేపకి ఊపిరాడదు. మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకోవాలి."

ఇక ఆశ కూడా లేదు. అయినా ఆ మొండిఘటం ఏం చేశాడు? కొత్త రాళ్ళు కొనుక్కుని బస్సెక్కాడు. మళ్ళీ చేపలొస్తే పిల్ల మళ్ళీ నవ్వుతుంది, అంతా మర్చిపోతారు, నోరు విప్పాల్సిన అవసరమే ఉండదని లెక్క వేసుకున్నాడు. తొట్టి మళ్ళీ నిండింది. రాళ్ళు మాత్రం ఈసారి ఒక్కడే పేర్చుకున్నాడు. "రా అమ్మా, ఏ రాయి ఎక్కడ పెట్టాలో చెప్పు" అని పిలిచాడు. కోడలు గుమ్మంలోనే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "మీరు పెడితేనే బాగుంటుంది మావయ్యా" అంది.

మళ్ళీ వారాలు గడిచాయి. చేపల్ని ఇంకా తేలేదు. ఈసారి పాచి ముందే దిగింది, రాళ్ళ మీద గోధుమరంగు జిగురు. మావయ్య దాన్ని ముట్టుకోలేదు. చెయ్యి దురద పెట్టనూ లేదు. దాన్ని చూస్తే చాలు, మొహం తిప్పుకునేవాడు.

ఆ ఆదివారం బావమరిది టీకి వచ్చాడు. కొడుకు, భార్య ముందుగదిలోనే ఉన్నారు. కోడలు కప్పుల పళ్ళెం తెచ్చి ఇస్తూ, చాలా రోజుల తర్వాత తల తిప్పి తొట్టివైపు చూసింది. రాళ్ళ మీది పాచి చూసి కొయ్యబారిపోయింది. పళ్ళెంలో కప్పులు గలగలలాడాయి. షాపావిడ చెప్పిందంతా ఆ పిల్లకు తెలుసు. అయినా భయం ముందు తెలిసినదేదీ నిలవలేదు.

"మావయ్యా, నేను ముట్టుకోలేదండీ" అంది. "పొద్దుట్నుంచీ ఇటువైపు రానేలేదు. అత్తయ్యని అడగండి. చేతులు కూడా కడుక్కునే ఉన్నాను." పళ్ళెం బల్లమీద పెట్టి, రెండు చేతులూ చాచి చూపించింది. బడిలో పిల్లలు గోళ్ళు చూపించినట్టు చూపించింది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం చిట్లి ఎర్రగా ఉంది.

మావయ్యకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కప్పు కింద పెట్టాడు.

"చేతులు దించమ్మా" అన్నాడు. "దించు. నువ్వు కాదు. అప్పుడూ నువ్వు కాదు. నేనే కడిగాను. రాళ్ళూ, ఇసుకా, అన్నీ తీసి బ్లీచింగుతో కడిగాను. ఆ సెక్రటరీ నవ్వాడని. ఎవరూ లేనప్పుడు తలుపేసుకుని మరీ కడిగాను."

భార్య ఆయన్ని చూసిన చూపు పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయన ఎరగడు. "అమ్మాయి చేతులు రోజూ చూస్తూనే, నా పక్కన కూర్చుని అన్నం తిన్నారా?" అంది.

"చెప్పలేకపోయాను. నీళ్ళ సంగతి నాకు తెలియదంటారని..." తొట్టివైపు చూపు తిప్పుకున్నాడు. "సిగ్గేసింది" అన్నాడు. కొడుకు తలదించుకున్నాడు. చూసుకోవాలి కదా అన్న మాట తనదే మరి.

కోడలు ఏడవలేదు, అరవలేదు. తిట్టినా బాగుండేది. "అంటే మీకు ముందునుంచీ తెలుసా మావయ్యా?" అంది.

"తెలుసమ్మా."

"అమ్మ మీకు ఫోను చేసిన రోజు కూడా?"

ఆయన తలూపాడు. ఆ తలూపడం వీధిలో వాళ్ళెవరూ ఎరిగినది కాదు.

కోడలు లోపలికి వెళ్ళింది. ఇంక బయటికి రాదనుకున్నారు. వచ్చింది, ఫోను పట్టుకుని. అప్పటికే అవతల మోగుతోంది. ఆయన ముందుకొచ్చి ఫోను చాచింది. "నాకు చెప్పారు. బాగుంది. అమ్మకి కూడా మీరే చెప్పండి" అంది.

ఆయన తీసుకుని చెవిదగ్గర పెట్టుకున్నాడు.

"చెల్లెమ్మా, నేనే" అన్నాడు.

అవతల వియ్యపురాలి గొంతు ఒక్కసారిగా చిన్నబోయింది. "అన్నయ్యగారా? అయ్యో, మా అమ్మాయి మళ్ళీ ఏం చేసిందండీ?"